తూర్పు కనుమలు

పిల్లలూ! పోర్ట్ లూయీ రేవు దగ్గర నిలబడి కొండలవైపు చూస్తే ల పూస్ శిఖరం కనిపిస్తుంది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు బొటనవ్రేలు అని అర్థం. ఆకారాన్ని చూచి పెట్టిన పేరు అది. దానికి దగ్గరలోనే ఉన్న పీటర్ బోత్ కొండకు, 1615లో మన తీరం దగ్గర ఓడ మునిగి చనిపోయిన డచ్చి అధికారి పేరు పెట్టారు. కొండ పేరు వింటే, ఆ పేరు పెట్టినవారు దానిని ఎలా చూచారో కొంత తెలుస్తుంది. ఈ పాఠంలో తెలుగు పేర్లు గల కొండలను గురించి చెప్పుకొందాం. ఆ పేర్లను మీరు అర్థం చేసికొంటూ చదవగలరు.

పందొమ్మిదవ శతాబ్దంలో మన పెద్దలు కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులలో ఓడలెక్కి ఈ ద్వీపానికి వచ్చారు. కోరంగి చుట్టూ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల, అంతా చదును. విశాఖపట్నం అలా కాదు. అక్కడ కొండ సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకొని వచ్చి ఉంటుంది. ఓడ సాగిపోతుంటే ఊరు, చెట్లు, ఇసుక ముందుగా కనుమరుగవుతాయి. కొండలు చాలాసేపు కనిపిస్తాయి. ఆ రేవున ఎక్కినవారు వెనుదిరిగి ఆఖరుగా చూచినవి తూర్పు కనుమలే అయి ఉండాలి.

భారతదేశ పటం తెరవండి. పడమటి తీరం వెంబడి గోడ కట్టినట్లుగా ఒక పర్వతశ్రేణి కనిపిస్తుంది. అవి పడమటి కనుమలు. తూర్పున, బంగాళాఖాతం వైపు చూడండి. అక్కడ గోడ లేదు. చిన్నా పెద్దా ముక్కలు ఉన్నాయి, వాటి మధ్య ఖాళీలు ఉన్నాయి. ఒరిస్సాలోని మహానది దగ్గర మొదలై, ఆంధ్రప్రదేశ్ గుండా, తెలంగాణ దక్షిణపు అంచును తాకుతూ, తమిళనాడు దాటి నీలగిరుల దగ్గర పడమటి కనుమలను కలిసేవరకు ఇవి సుమారు 1,750 కిలోమీటర్ల పొడవున పరచుకొని ఉన్నాయి. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క పేరు. ఇన్ని ముక్కలను ఒకే పర్వతశ్రేణి అని ఎందుకు అంటున్నారు? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

ముందు ‘కనుమ’ అనే మాట చూద్దాం. సంక్రాంతి మరునాడు మనం చేసుకొనే కనుమ పండుగ వేరు, ఇది వేరు. రెండు కొండల నడుమ దాటిపోవడానికి వీలైన సందును కనుమ అంటారు. కర్నూలు వైపు నుంచి కోస్తాకు బండ్లు తోలుకొని పోయేవారు నల్లమలను నందికనుమ దగ్గర దాటేవారు. వారికి కావలసింది శిఖరం కాదు, దారి. ఉత్తరాదివారు ‘ఘాట్’ అనే మాటను కొండదారికి కూడా వాడతారు. ఇంగ్లీషువారు వచ్చి, దారిని చూపి చెప్పిన పేరును కొండకే అంటగట్టారు. తెలుగులోనూ అదే స్థిరపడింది. అందుచేత మనం చెప్పుకొంటున్న ఈ కొండలకు వాటి నడుమనున్న సందుల పేరు వచ్చింది. తెగి ముక్కలైన ఈ శ్రేణికి ఇంతకంటె తగిన పేరు దొరకదని నాకు అనిపిస్తుంది.

ఈ సందులను చేసినవి నదులు. పడమటి కనుమలలో పుట్టిన గోదావరి, కృష్ణలు, మైసూరు పీఠభూమిలో పుట్టిన పెన్న, మధ్య భారతంలో పుట్టిన మహానది - ఇవన్నీ తూర్పుకు ప్రవహించి సముద్రంలో కలవాలి. దారికి అడ్డంగా ఈ కొండలు ఉన్నాయి. కోట్ల సంవత్సరాలుగా నదులు వాటిని కోస్తూనే ఉన్నాయి. మహానది కోసిన లోయ పేరు సాత్‌కోసియా. సాత్ అంటే ఏడు, కోసు అంటే రెండు మైళ్ళ దూరం. లెక్క వేసి చూడండి, ఆ లోయ పొడవు ఎంతో తెలుస్తుంది. గోదావరి కోసినచోట పాపికొండలు ఉన్నాయి. నడినెత్తిన పాపిట తీసినట్లుగా నది కొండలను రెండుగా విడదీసింది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. భద్రాచలం దగ్గర విశాలంగా ప్రవహించే గోదావరి ఇక్కడికి వచ్చేసరికి సన్నబడి, లోతుగా, నల్లగా మారుతుంది. పడవలో కూర్చున్నవారికి ముందు దారి మూసుకొనిపోయినట్లు కనిపిస్తుంది. మలుపు తిరిగితే మళ్ళీ తెరుచుకొంటుంది.

గోదావరికి ఉత్తరాన ఉన్న భాగమే ఈ శ్రేణిలో మిక్కిలి ఎత్తైనది. ఒరిస్సాలో కోరాపుట్ దగ్గర దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. మన ల పూస్ ఎత్తు 812 మీటర్లు. అంటే దేవమాలి దానికి రెట్టింపు కంటె కొంచెం ఎక్కువ. అరకు, పాడేరు ప్రాంతాలు ఈ భాగంలోనివే. అక్కడ చలి ఉంటుంది, కాఫీ పండుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్‌కు పోయే రైలు ఈ కొండలలో యాభైకి పైగా సొరంగాలు దూరుతుంది. బొర్రా గుహల పక్కనే గోస్తనీ నది పారుతుంది. ఆ నీరు తాటిపూడి జలాశయంలో చేరి విశాఖపట్నం ప్రజల దాహం తీరుస్తుంది. శ్రీకాకుళానికి నీరిచ్చే నాగావళి, వంశధార నదులు కూడా ఈ కొండలలో పుట్టినవే.

ఇక్కడి రాతికి ఖోండలైట్ అని పేరు. ఈ కొండలలో నివసించే కోంధు జాతివారి పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. కోణార్కలోని సూర్యదేవాలయాన్ని ప్రధానంగా ఈ రాతితోనే కట్టారు. ఈ రాయి ఎండకూ వానకూ చివికి, కొండ నెత్తిమీద బాక్సైటుగా మారుతుంది. బాక్సైటు నుంచి అల్యూమినియం తీస్తారు. వాననీటిని పీల్చుకొని, కొండ పక్కల నుంచి ఏడాది పొడవునా ఊటలుగా వదిలేది కూడా ఆ పొరే. కొండమీదివారికి ఊట కావాలి, కర్మాగారానికి ఖనిజం కావాలి. ఒరిస్సాలోని నియమగిరి కొండ విషయంలో ఈ తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు చెప్పినమీదట 2013లో అక్కడి 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ గని వద్దనే తీర్మానించాయి.

గోదావరి దాటి దక్షిణానికి వస్తే కొండలు దాదాపు మాయమవుతాయి. కృష్ణ వరకు సుమారు 150 కిలోమీటర్లు అక్కడక్కడ విడి గుట్టలు మాత్రమే కనిపిస్తాయి. కొండపల్లి కొండలు వాటిలోవి. అక్కడ దొరికే తెల్లపొణికి కర్ర చాలా తేలిక. కొండపల్లి బొమ్మలు ఆ కర్రతో చేసినవే. విజయవాడలో కృష్ణానది ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్యగా పోతుంది. నదికి రెండు ప్రక్కలా రాతికొండ దొరికిన ఆ చోటనే ఆనకట్ట కట్టారు.

కృష్ణకు దక్షిణాన మొదలయ్యేది నల్లమల. ఇక్కడి నుంచి మీ తెలుగు మీకు బాగా ఉపయోగపడుతుంది. ‘మల’ అంటే కొండ. అడవితో దూరానికి నల్లగా కనిపించేది నల్లమల. దానికి పడమట, రాతి రంగును బట్టి, ఎర్రమల. తూర్పున, అన్నిటికంటె బయటి అంచున ఉన్నది వెలికొండ. వెలి అంటే వెలుపల. కడప వైపు ఉన్నది పాలకొండ. ఎర్రమలకూ నల్లమలకూ మధ్య కుందేరు పారే నల్లరేగడి మైదానం, నల్లమలకూ వెలికొండకూ మధ్య సగిలేరు లోయ ఉన్నాయి. అరచేయి బల్లమీద ఆనించి వ్రేళ్ళు కాస్త ఎడంగా పెట్టండి. వ్రేళ్ళు కొండలు, సందులు లోయలు. కడప, కర్నూలు జిల్లాల కొండల అమరిక సుమారుగా ఇలాగే ఉంటుంది.

పెన్నానది ఈ వ్రేళ్ళను అడ్డంగా కోసుకొంటూ పోతుంది. గండికోట దగ్గర ఎర్రమలను కోసింది. నది కోసిన గండి పక్కన కట్టిన కోట కాబట్టి గండికోట. చివరికి సోమశిల దగ్గర వెలికొండను చీల్చుకొని నెల్లూరు మైదానంలోకి దిగుతుంది.

నల్లమల అడవిలో చెంచులు నివసిస్తారు. తేనె తీయడంలో వారికి వారే సాటి. శ్రీశైలం, అహోబిలం, మహానంది క్షేత్రాలు ఈ అడవి ఒడిలోనే ఉన్నాయి. అహోబిల నరసింహస్వామి చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెండ్లాడాడని కథ. కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. శ్రీశైలానికి దక్షిణాన అహోబిలం, ఇంకా దక్షిణాన తిరుమల. ఈ మూడింటినీ కలిపి మన పూర్వులు ఒక మాట చెప్పారు. ఈ కొండల వరుస పడుకొన్న ఆదిశేషుడట. తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. సర్వే చేసే పరికరాలు రాకముందే, నడిచి యాత్ర చేసినవారు ఈ ముక్కలన్నీ ఒకటేనని గుర్తించారు. వంపు తిరిగిన ఆ ఆకారం ఈనాడు పటంలోనూ కనిపిస్తుంది.

మరి భూగర్భ శాస్త్రజ్ఞులు ఏమంటారు? ఉత్తరాన ఉన్న ఖోండలైటు, దక్షిణాన నల్లమల, శేషాచలాల రాయి ఒకే రకం కాదని వారు చెబుతారు. ఖోండలైటు భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన రాయి. నల్లమల రాయి పూర్వం ఒక నీటి అడుగున ఇసుకా బురదా పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడి, తరువాత ముడుతలు పడినది. రెండూ నూరు కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ వయసు గలవే. హిమాలయాలు లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్ళు మాత్రమే అయింది. వాటి ముందు ఇవి ముత్తాతలు. వయసు మళ్ళి, అరిగి, కుంగి, నదులకు దారి ఇచ్చాయి. రాయిని బట్టి చూస్తే వీటిని ఒకే శ్రేణి అనడం కష్టమే. తీరం వెంట ఉన్న తీరును బట్టి, నదులు కోసిన విధాన్ని బట్టి భూగోళ శాస్త్రజ్ఞులు ఒకే పేరు పెట్టారు. ఈ విషయంలో యాత్రికులూ వారూ ఒకటయ్యారు.

ఇంకొక వింత. ఉత్తరపు కొండల రాయి వంటిదే అంటార్కిటికాలో మంచు క్రింద ఉన్నది. ఒకప్పుడు ఆ రెండు నేలలూ అంటుకొని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. వాటి నడుమ తెరుచుకొన్న నీరే హిందూ మహాసముద్రంలో ఒక భాగమయింది. ఆ మహాసముద్రపు అడుగు నుంచి, చాలా కాలం తరువాత, సుమారు 80 లక్షల ఏళ్ళ క్రితం అగ్నిపర్వతంగా లేచినదే మనం ఉంటున్న ఈ మారిషస్.

పెన్న దాటాక పాలకొండ, శేషాచలం కొండలు వస్తాయి. ఎర్రచందనం అనే చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండలలోనూ, వీటి పొరుగు కొండలలోనూ మాత్రమే. రాతినేలలో పెరుగుతుంది కనుక ఎదుగుదల చాలా నెమ్మది. తాత నాటితే మనుమడికి అందుతుంది. విదేశాలలో దానికి పెద్ద ధర ఉండటం వల్ల దొంగతనంగా నరికి తరలించేవారు ఉన్నారు. కడప దగ్గర లంకమల అడవిలో కలివికోడి అనే పక్షి ఉంటుంది. 1900 తరువాత ఎవరి కంటా పడకపోతే అంతరించిందనుకొన్నారు. 1986లో మళ్ళీ కనిపించింది. దాని కోసం ఒక పెద్ద కాలువ దారిని కూడా మార్చారు. గోదావరి దగ్గర మాత్రం కొండలవారికి అలాంటి అదృష్టం కలగలేదు. 2004 తరువాత పనులు మొదలైన పోలవరం ఆనకట్ట వల్ల లోయలోని కొండరెడ్ల, కోయల ఊళ్ళు ముంపుకు గురవుతున్నాయి. అనేక కుటుంబాలను ఇప్పటికే మైదానంలోని కాలనీలకు తరలించారు. పొలాలకు నీరు వస్తుంది, నిజమే. కాని కొండవాగు పేరు, చెట్టు పేరు తెలిసిన పిల్లలు ఆ కాలనీలో వాటిని ఎవరికి చూపుతారు?

తమిళనాడులో ఈ శ్రేణి జవ్వాది, షెవరాయ్, పచ్చమలై, కొల్లిమలై అనే విడి కొండలుగా సాగుతుంది. మన ‘మల’ అక్కడ ‘మలై’ అయింది. తరువాత బిళిగిరి రంగన కొండల మీదుగా నీలగిరులను చేరుతుంది.

మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అమ్మానాన్నలతో తిరుమల వెళ్తారు. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు కిటికీ ప్రక్కన కూర్చోండి. క్రింద గుండ్రని బండలుగా ఉన్న గ్రానైటు కనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ పలకలు పేర్చినట్లు పొరలున్న రాయి, నిటారుగా గోడలాగా కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ళూ కలిసే గీత ఒకటి ఉన్నది. క్రింది రాయికీ పైరాయికీ మధ్య వయసులో తేడా యాభై కోట్ల ఏళ్ళకు తక్కువ కాదు. ఆ గీతను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించింది. బస్సు అక్కడ ఆగదు. ముందుగానే చూస్తూ ఉండాలి.

ప్రశ్నలు

‘కనుమ’ అనే మాటకు అర్థం ఏమిటి? అది కొండల పేరుగా ఎలా మారింది?

నల్లమల, వెలికొండ, పాపికొండలు, గండికోట - ఈ పేర్లు ఎలా వచ్చాయో మీ మాటలలో వ్రాయండి.

భారతదేశ పటం గీచి, తూర్పు కనుమలను నాలుగు నదులు కోసిన చోట్లను గుర్తించండి.

మీ ఇంటికి దగ్గరలో ఉన్న కొండ పేరేమిటి? దానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో ఇంట్లో పెద్దలను అడిగి తెలిసికొని, తరగతిలో చెప్పండి. ఆ కొండకు మీ నాన్నమ్మో తాతయ్యో తెలుగులో వేరే పేరు పెట్టుకొని ఉంటే అది కూడా వ్రాయండి.