తొట్టి నీళ్లు, కడుపులో బిడ్డ

కరువు సీమ కర్నూలు, కడపల్లో మలేరియా ఏమిటని అనుకోవద్దు. కుళాయి మళ్లీ ఎప్పుడొస్తుందోనని నింపిన సిమెంటు తొట్టికి మూత మరిస్తే చాలు, మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. అవి దోమలు కావడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి తొట్టి కడిగి ఆరబెట్టే ‘డ్రై డే’.

గర్భిణికి ఫాల్సిపారం రకం మలేరియా సోకితే పరాన్నజీవి ఉన్న ఎర్ర రక్తకణాలు మాయలో, అంటే ప్లాసెంటాలో, అతుక్కుంటాయి. తల్లికి రక్తహీనత, బిడ్డకు పోషణ తగ్గి 2.5 కిలోలలోపు బరువు, నెలలు నిండని కాన్పు.

ఆఫ్రికాలో గర్భిణులకు మలేరియా రాకుండా సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మందు ముందుగానే ఇస్తారు. మన జాతీయ కార్యక్రమంలో అది లేదు; ఉన్నవి దోమతెర, జ్వరం రాగానే రక్తపరీక్ష, వెంటనే చికిత్స. మలేరియా మందుల్లో ప్రైమాక్విన్ మాత్రం గర్భిణికి ఇవ్వకూడదు.