రిఫండు ఎక్కడ ఆగిందో మీరే తెలుసుకోవచ్చు

ఆఫీసులో పొదుపు వివరాలు ఇవ్వడం ఆలస్యమైనా, ఏడాది మధ్యలో ఉద్యోగం మారినా, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ పట్టినా, కట్టాల్సిన దానికన్నా ఎక్కువ పన్ను ప్రభుత్వానికి జమయ్యే అవకాశం ఉంది. ఆ ఎక్కువ మొత్తమే రిఫండుగా తిరిగి రావాలి. అది మీ కష్టార్జితం కాబట్టి రిటర్ను వేశాక పని అయిపోయిందనుకోకుండా, డబ్బు ఖాతాలో పడేదాకా కనిపెట్టుకుని ఉండాలి. రిఫండు ఆలస్యమైందంటే ఏదో ఒక దశలో ఆగిందని అర్థం. ఆ దశ ఏదో తెలిస్తే మీరు చేయాల్సిన పనేమిటో కూడా తెలిసిపోతుంది.

ఎక్కడ చూడాలి?

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్ హోం పేజీలో ‘నో యువర్ రిఫండ్ స్టేటస్’ అనే లింకు ఉంటుంది. పాన్, అసెస్‌మెంట్ ఇయర్, మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీ కొడితే స్టేటస్ కనిపిస్తుంది. లాగిన్ అయి ‘ఈ-ఫైల్’, ‘ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్’, ‘వ్యూ ఫైల్డ్ రిటర్న్స్’ వరుసలో వెళ్తే ఇంకా వివరంగా తెలుస్తుంది. రిటర్ను ఎప్పుడు వేశారు, ఎప్పుడు వెరిఫై అయింది, ప్రాసెసింగ్ ఎంతవరకు వచ్చింది అన్నీ అక్కడ ఉంటాయి.

అసెస్‌మెంట్ ఇయర్ దగ్గర చాలామంది తడబడతారు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అవుతుంది. ఇది తప్పుగా ఎంచుకుంటే మీ రిఫండు కనిపించదు.

వెరిఫై చేశారా?

రిటర్ను సబ్మిట్ చేసిన 30 రోజుల్లోగా వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్ ద్వారానో నిమిషాల్లో అయిపోతుంది. ఆన్‌లైన్‌లో కుదరకపోతే ఐటీఆర్-వి మీద సంతకం చేసి బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కు, అంటే సీపీసీకి, పంపవచ్చు. 30 రోజులు దాటాక వెరిఫై చేస్తే, వెరిఫై చేసిన రోజునే రిటర్ను వేసినట్టు లెక్క. అప్పటికి గడువు దాటిపోయి ఉంటే ఆలస్య రుసుము కూడా పడుతుంది. వెరిఫై కాని రిటర్నును సీపీసీ ప్రాసెస్ చేయదు కాబట్టి స్టేటస్ చూసేటప్పుడు ముందుగా పరిశీలించాల్సింది ఇదే.

వెరిఫై అయ్యాక సాధారణంగా నాలుగైదు వారాల్లో రిఫండు వస్తుందని శాఖ చెబుతోంది. చట్టం మాత్రం ఎక్కువ గడువే ఇచ్చింది. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోగా సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ పంపాలి. 2025 జూలైలో వేసిన రిటర్నుకు ఆ గడువు 2026 డిసెంబర్ 31.

ఇంటిమేషన్ చదవండి

ప్రాసెసింగ్ పూర్తయ్యాక ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. పాన్‌ను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, దాని వెంటే పుట్టిన తేదీని ఖాళీ లేకుండా కొడితే ఆ ఫైలు తెరుచుకుంటుంది. ఒక వరుసలో మీరు చూపిన లెక్కలు, పక్క వరుసలో సీపీసీ వేసిన లెక్కలు ఉంటాయి. రిఫండు తగ్గిందంటే కారణం ఈ రెండు వరుసల తేడాలోనే దొరుకుతుంది.

తేడా ఎక్కువగా టీడీఎస్‌లో వస్తుంది. యజమాని ఇచ్చిన ఫారం 16లో ఉన్న కోత, మీ పాన్ మీద జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో లేదంటే, యజమాని ఆ సొమ్ము జమ చేయలేదనో, మీ పాన్ తప్పుగా రాశారనో అనుమానించాలి. వెంటనే కంపెనీ పేరోల్ విభాగానికి రాతపూర్వకంగా తెలిపి, వాళ్ల టీడీఎస్ స్టేట్‌మెంటును సవరించమనండి. అది సవరించాక మీరు పోర్టల్‌లో రెక్టిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. మీ జీతంలో కోసేసిన పన్నును యజమాని కట్టకపోతే, దాన్ని మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. అందుకే పే స్లిప్పులు, ఫారం 16 జాగ్రత్తగా దాచుకోండి.

బ్యాంకు ఖాతా దగ్గర ఆగితే

స్టేటస్‌లో ‘రిఫండ్ ఫెయిల్డ్’ అని ఉంటే కారణం తరచుగా బ్యాంకు ఖాతాలో ఉంటుంది. పోర్టల్‌లో వాలిడేట్ చేసి, రిఫండు కోసం నామినేట్ చేసిన ఖాతాకే డబ్బు వస్తుంది. ‘మై ప్రొఫైల్’లో ‘మై బ్యాంక్ అకౌంట్’ తెరిచి ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

మన రాష్ట్రాల్లో బ్యాంకుల విలీనం ఇబ్బంది తెచ్చిపెడుతుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. విలీనం తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారితే పాత చెక్కుబుక్కులో ఉన్న కోడ్ పనికిరాదు. మీ బ్రాంచిలోనో బ్యాంకు యాప్‌లోనో ఇప్పటి కోడ్ తెలుసుకుని పోర్టల్‌లో ‘రీ-వాలిడేట్’ నొక్కండి.

పేరు తేడా కూడా చాలామందిని ఇబ్బంది పెడుతోంది. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక ఒకచోట ఇంటిపేరు మార్చుకుని ఇంకోచోట మార్చుకోని మహిళలకూ ఇదే సమస్య. పాన్‌లో ఉన్న పేరుకూ బ్యాంకులో ఉన్న పేరుకూ పొంతన లేకపోతే వాలిడేషన్ ఆగిపోవచ్చు. కేవైసీ పత్రాలతో బ్రాంచికి వెళ్లి పేరు సరిచేయించుకోండి. పాన్ ఆ ఖాతాకు జతయిందో లేదో అప్పుడే అడగండి. ఖాతా సరయ్యాక ‘సర్వీసెస్’లో ‘రిఫండ్ రీఇష్యూ’ అభ్యర్థన పెట్టాలి. దీనికోసం రిటర్ను మళ్లీ వేయనక్కర్లేదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఊళ్లో స్థలం అమ్మినవారికి టీడీఎస్ భారీగా పడుతుంది కాబట్టి రిఫండు కూడా పెద్దదే ఉండవచ్చు. అలాంటివారు ఎన్‌ఆర్‌ఓ ఖాతా వాడుకలో ఉందో లేదో రిటర్ను వేయకముందే చూసుకోవాలి.

పాన్‌కు ఆధార్ జత కాకపోయినా చిక్కే. ఆధార్ జత చేయాల్సిన వారు చేయకపోతే 2023 జూలై 1 నుంచి పాన్ నిష్క్రియమవుతుంది. అలా ఉన్నంతకాలం రిఫండూ ఇవ్వరు, దానిపై ఆ కాలానికి వడ్డీ కూడా రాదు.

పాత బాకీ చూపిస్తే

‘అడ్జస్టెడ్ అగైనెస్ట్ డిమాండ్’ అని ఉంటే, ఏదో పాత ఏడాది బాకీకి మీ రిఫండును సర్దుబాటు చేశారన్నమాట. అలా చేసేముందు సెక్షన్ 245 కింద మీకు సమాచారం ఇచ్చి, జవాబుకు 21 రోజులు గడువు ఇస్తారు. ఈ మెయిల్‌ను మాత్రం వదిలేయకండి. పోర్టల్‌లో ‘పెండింగ్ యాక్షన్స్’లో ‘రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్’ తెరిచి, బాకీ నిజమైతే ఒప్పుకోండి. కాకపోతే కారణం రాసి, కట్టిన చలానా జత చేయండి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అవుతుంది.

వడ్డీ మీ హక్కు

గడువులోగా రిటర్ను వేసి, రిఫండు టీడీఎస్ వల్ల వస్తుంటే, అసెస్‌మెంట్ ఇయర్ ఏప్రిల్ 1 నుంచి నెలకు 0.5 శాతం చొప్పున సెక్షన్ 244ఏ కింద వడ్డీ ఇస్తారు. ఉదాహరణకు మీ పన్ను రూ.80,000, కోసింది రూ.1,00,000 అనుకుందాం. రూ.20,000 రిఫండు సెప్టెంబర్‌లో ఇస్తే ఆరు నెలలకు రూ.600 వడ్డీ కలుస్తుంది. రిఫండు మొత్తం అసలు పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ రాదు. గడువు దాటి రిటర్ను వేస్తే, వేసిన రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. ఈ వడ్డీ కూడా ఆదాయమే కాబట్టి అందుకున్న ఏడాది రిటర్నులో చూపాలి.

ఎవరిని అడగాలి, ఎవరిని నమ్మకూడదు

అన్నీ సరిగ్గా ఉన్నా నెలల తరబడి కదలిక లేకపోతే పోర్టల్‌లోని ‘గ్రీవెన్సెస్’లో ఫిర్యాదు నమోదు చేసి, రసీదు నంబరు రాసిపెట్టుకోండి. 1800 103 0025 హెల్ప్‌డెస్క్‌కు కూడా ఫోన్ చేయవచ్చు.

‘మీ రిఫండు మంజూరైంది, ఈ లింకు నొక్కండి’ అని ఎస్‌ఎంఎస్ వస్తే నొక్కవద్దు. పన్ను శాఖ మీ ఏటీఎం పిన్, కార్డు నంబరు, పాస్‌వర్డు ఎప్పుడూ అడగదు. పోర్టల్‌లోకి మీరుగా లాగిన్ అయి చూస్తే నిజం తెలుస్తుంది. ఇప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కమీషన్ ఇస్తే పెద్ద రిఫండు తెప్పిస్తామనే ఏజెంట్లకు కూడా దూరంగా ఉండండి. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం చూపించి తెచ్చిన డబ్బును వడ్డీతో, జరిమానాతో తిరిగి కట్టాల్సి వస్తుంది. 2025 జూలైలో దేశవ్యాప్తంగా ఇలాంటి మధ్యవర్తుల మీద శాఖ తనిఖీలు చేసింది. నోటీసు వచ్చేది ఏజెంటుకు మాత్రమే అనుకోవద్దు. రిటర్ను మీ పేరున ఉంది, జవాబు చెప్పాల్సింది మీరే.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. పైన చెప్పినవి 1961 చట్టంలోని నంబర్లు. 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా వచ్చిన ఆదాయానికి అవే వర్తిస్తాయి.

వచ్చే ఏడాది ఇబ్బంది లేకుండా ఉండాలంటే రిటర్ను వేసేముందే ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌లతో ఫారం 16ను సరిపోల్చుకోండి. బ్యాంకు ఖాతా వాలిడేషన్ చూసుకోండి, వేసిన రోజే వెరిఫై చేయండి. మెయిల్, మొబైల్ నంబరు సొంతవే ఇవ్వండి. రిటర్ను వేసిపెట్టిన వారి నంబరు ఇస్తే ఇంటిమేషన్లు, 21 రోజుల గడువు నోటీసులు వాళ్లకే వెళ్తాయి, మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది.