అరకులో టెంటు, గూడెంలో ఆట

ప్రశ్న: మా ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో, అత్తయ్యగారితో అరకు వెళ్ళి రెండు రాత్రులు టెంట్లలో ఉందామనుకుంటున్నాం. ప్యాకేజీ వాళ్ళు గిరిజన గూడెం చూపించడం, ధింసా, వాళ్ళ చీరకట్టులో ఫొటోలు అన్నీ కలిపి ఒక రేటు చెప్పారు. పిల్లలకు తెలుస్తుందని నా ఆశ. ‘మనుషుల్ని చూడ్డానికి టిక్కెట్టేమిటి, అదేమన్నా జూ పార్కా?’ అంటున్నారు మా ఆయన. ఎవరిది రైటు?
- ఒక తల్లి, ఉక్కునగరం

జవాబు: ఆయనది సగం రైటమ్మా. టిక్కెట్టు తప్పు కాదు. ఆ డబ్బు ఎవరి చేతికి పోతోందన్నదే అసలు సంగతి. ఆడేవాళ్ళకు మనిషికి ఎంత ఇస్తారు, గూడెంలోకి తీసుకెళ్ళేది ఆ ఊరివాళ్ళేనా, మనం వస్తున్నట్టు వాళ్ళకు ముందే తెలుసా అని ప్యాకేజీ మనిషిని అడగండి. నీళ్ళు నమిలితే గూడెం భాగం తీసేయించండి. టెంటు ఒక్కటీ మాట్లాడుకోండి. 2012లో అండమాన్‌లో జరావా ఆదివాసుల చేత తిండి ఆశ చూపి డాన్సు చేయించిన వీడియో బయటికొచ్చి దేశం తలదించుకుంది. మన ఏజెన్సీ పరిస్థితి అది కాదు, ఇక్కడివాళ్ళు ఎప్పట్నుంచో సంతల్లో మనతో బేరాలాడుతున్నవాళ్ళే. అయినా ఇంటి గుమ్మంలో నిలబడి లోపలికి ఫోను పెట్టే అలవాటు మాత్రం మనవాళ్ళకు పోలేదు.

ధింసా చూడండి, తప్పకుండా చూడండి. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరసకడతారు. తుడుము, డప్పు, మోరి మొదలయ్యాక ఆ వరస మొత్తం ఒకే అడుగుతో వంకర తిరుగుతుంది. పులి మీద పడితే తప్పించుకునే తీరు చూపే ఆట కూడా ఇందులో ఉంది, పిల్లలకు అది నచ్చుతుంది. చైత్రంలో ఇటుకల పండగకీ, పెళ్ళిళ్ళకీ ఊళ్ళో ఆడుకునే ఆట ఇది. రిసార్టులో పావుగంటకు కుదించి ఆడేది అందులో ఒక ముక్కేనని పిల్లలకు చెప్పండి. రమ్మని పిలిస్తే వరసలో కలవండి, పిలవకుండా మధ్యలో దూరి సెల్ఫీ తీసుకోవద్దు.

గూడెం కంటే ముందు అరకులోని గిరిజన మ్యూజియానికి తీసుకెళ్ళండి. మట్టిగోడల ఇల్లు, వంటసామాను, వేట, పెళ్ళి అన్నీ బొమ్మలతో చూపించారు. అక్కడ పిల్లలు ఎంతసేపైనా గుడ్లప్పగించి చూడొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాత వారపు సంత. పసుపు, రాజ్మా, అల్లం, కొండచీపుళ్ళు, అడ్డాకులు నేలమీద కుప్పలు పోసుకుని కూర్చుంటారు. పిల్లల చేతికి డబ్బులిచ్చి కొననివ్వండి. పది రూపాయల కోసం గీచిగీచి బేరమాడకండి. వాళ్ళది కొండ దిగి మోసుకొచ్చిన సరుకు. ఎదురుపడిన పిల్లలకు చాక్లెట్లు పంచడం వద్దు, చెయ్యి చాపడం మనమే నేర్పినట్టవుతుంది.

అత్తయ్యగారి మోకాళ్ళ గురించి మీరు రాయలేదు గానీ, వెళ్ళేటప్పుడు కిరండూల్ రైలెక్కించండి. యాభైకి పైగా సొరంగాలు, కిటికీ పక్కన సీటు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేసిన లైను అది. మీవారి ప్లాంటుకూ ఖనిజం ఆ కొండల్నుంచే వస్తుంది. ఎదురుగా గూడ్సు దిగుతుంటే పిల్లలకు ఆయన్నే చెప్పమనండి. ఏ గైడూ అంత బాగా చెప్పలేడు.

వంజంగి మేఘాల కొండ ఈసారికి వద్దు. తెల్లవారుజామున చీకట్లో ఎక్కాలి, పెద్దావిడకు కష్టం. కారులో వెళ్తే పొద్దుగూకకముందే ఘాట్ దాటేయండి, జనవరి మంచులో హెడ్‌లైటు కూడా ఆనదు. ఉన్ని దుస్తులతో పాటు దోమల మందు పెట్టుకోండి. తిరిగొచ్చాక నెలలోపు ఎవరికి జ్వరమొచ్చినా ‘ఏజెన్సీకి వెళ్ళొచ్చాం’ అని డాక్టరుకు మొదటిమాటగా చెప్పి రక్తపరీక్ష చేయించండి. మలేరియా ఉన్న ప్రాంతం అది.

ప్రశ్న: మెల్‌బోర్న్ నుంచి సెలవు మీద ఎంవీపీ కాలనీకి వచ్చాం. అక్కడ మా పిల్లల్ని ఆదివాసీ గైడ్ల వెంట అడవి నడకకు తీసుకెళ్ళాం. ఏ ఆకు దేనికి, ఏ రాయి కథేమిటి అన్నీ చెప్పారు. ఇక్కడ అలాంటిది దొరుకుతుందా?
- ఒక తండ్రి

జవాబు: అంత పద్ధతిగా నడిచేవి మన దగ్గర తక్కువ. అక్కడా అది ఊరికే రాలేదు. ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండను 1985లో అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు తిరిగి అప్పగించారు. తమకు పవిత్రమైన ఆ కొండ ఎక్కొద్దని వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా 2019 అక్టోబరులో ఎక్కడం ఆపేశారు. హక్కు చేతిలో ఉన్నవాడు చెప్పే కథ వేరు.

ఇక్కడ మీరే కుదుర్చుకోవాలి. కాఫీతోటలున్న ఊళ్ళో ఒక రైతునడిగి, ఆయన పూటకూలి కంటే ఎక్కువే ఇచ్చి, తోట చూపించమనండి. సిల్వర్ ఓక్ నీడన మిరియాల తీగ, కింద కాఫీ మొక్క, ఎండబెట్టిన గింజ, అన్నీ ఆయనే చెబుతాడు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో కొందరు ఆదివాసీ ఒడియా, కొందరు కువి మాట్లాడతారు, తెలుగు బడిలో నేర్చుకున్నది. కాబట్టి మీ పిల్లల తెలుగు అక్కడ బాగానే చెల్లుతుంది, మొహమాటపడొద్దనండి. తిరుగు ప్రయాణంలో తేనె, కాఫీపొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

ప్రశ్న: నిరుడు అరకులో టెంట్లలో ఉండొచ్చాం, స్వర్గం! అక్కడే పదిసెంట్లు కొని మేమే నాలుగు టెంట్లు వేసుకుందామని మా బావగారి ప్రతిపాదన. స్థానికుడి పేరు మీద రాయిస్తామంటున్నారు.
- గాజువాక

జవాబు: వద్దు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతోంది. కొనుగోలే కాదు, లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. ఇంకొకరి పేరు మీద బినామీగా రాయించినా చెల్లదు. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇదే చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది. సర్కారుకే లేని వెసులుబాటు మీ బావగారికి ఎక్కణ్ణుంచి వస్తుంది? అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ వారమే వెనక్కి అడగండి.