ఇంట్లో కాచింది గనక హలాలా? – కల్లు, గుడుంబా, ఇప్పసారాలపై ధర్మాదేశం

జనగామ మొదలుకొని మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి అడవుల వరకు పల్లెపల్లెనా మన సోదరులు అందరితో కలసిమెలసి బ్రతుకుతున్నారు. పత్తి చేలల్లో కూలి చేసేవారు, ఆటోలు నడిపేవారు, సింగరేణి బొగ్గు గనుల్లో చెమటోడ్చేవారు మనలో ఎందరో. సాయంత్రమయ్యేసరికి తోటివారు పిలుస్తారు. ఒకచోట తాటికల్లు, ఈతకల్లు. మరోచోట నల్లబెల్లంతో కాచిన గుడుంబా. అడవి దగ్గరి ఊళ్ళలో ఇప్పపువ్వు సారా. "ఇది దుకాణంలో కొన్న బ్రాందీ కాదు, చెట్టు నుంచి దిగింది. ఇంట్లో కాచింది. ఇందులో తప్పేముంది?" అనే మాట మన యువకుల నోట కూడా వినిపిస్తోంది.

తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు, కడుపులో మంట. తల్లి అడిగితే "బయట తిన్న బిర్యానీ పడలేదు" అనే జవాబు. డాక్టరుకూ అదే జవాబు. ఈ అబద్ధం ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఈ పాఠంలో రెండు విషయాలు తెలుసుకుందాం. ఒకటి: ఇంట్లో తయారైన మత్తు గురించి షరీఅత్ ఏమంటోంది? రెండు: అది శరీరంలో ఏం చేస్తుంది, అలాంటప్పుడు ఇంటివారు ఏం చేయాలి?

మదీనాలో ఒలికిపోయింది ఏ మద్యం?

మద్యనిషేధం ఒక్కసారిగా రాలేదు. అందులో కొంత లాభమున్నా పాపమే ఎక్కువని మొదట తెలియజేయబడింది (2:219). మత్తులో ఉండి నమాజ్ దరిదాపులకు రావద్దని తర్వాత ఆదేశం వచ్చింది (4:43). చివరకు అది షైతాన్ చేష్ట అనీ, దానికి పూర్తిగా దూరంగా ఉండాలనీ తుది ఆజ్ఞ అవతరించింది (5:90, 91).

ఆ ఆజ్ఞ ప్రకటించబడినప్పుడు హజ్రత్ అనస్ (రజి) హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో పెద్దలకు పానీయం అందిస్తున్నారు. ప్రకటన చెవిన పడగానే దాన్ని పారబోయమన్నారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం పారింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ఇంట్లో ఉన్నది ఫజీఖ్. అంటే కచ్చా ఖర్జూరాలను చితక్కొట్టి, నానబెట్టి, ఇంట్లోనే పులియబెట్టిన పానీయం. సీసా లేదు, కంపెనీ లేదు, లైసెన్సు లేదు. అందరికంటే ముందుగా సహాబాలు ఒలకబోసింది ఇంటి సరుకునే! ఇక "ఇంట్లో కాచింది కదా" అనే సాకు ఎక్కడ నిలుస్తుంది?

యమన్ దేశంలో తేనెతో ఒక పానీయం, బార్లీతో మరొక పానీయం చేసేవారు. ఆ బార్లీ పానీయం నేటి బీరుకు తాతలాంటిది. వాటిని గురించి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఒక్కొక్కదానికి వేర్వేరు తీర్పు చెప్పలేదు. మత్తు కలిగించేది ఏదైనా నిషిద్ధమే అని ఒకే కొలబద్ద ఇచ్చారు.

హజ్రత్ దైలమ్ హిమ్యరీ (రజి) విన్నవించుకున్న విషయమైతే మన గని కార్మికుల మాటలాగే ఉంటుంది. తమది చలి ప్రదేశమనీ, కఠినమైన శ్రమ చేస్తామనీ, ఒంట్లో శక్తి కోసం గోధుమ పానీయం తాగుతామనీ ఆయన చెప్పారు. దైవప్రవక్త (స) అడిగిన ప్రశ్న ఒక్కటే: అది మత్తెక్కిస్తుందా? ఔనన్నారు. అయితే దానికి దూరంగా ఉండమన్నారు.

హనఫీ గ్రంథాలు చదివిన కొందరికి ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ద్రాక్ష, ఖర్జూరాలతో కాక ఇతర ధాన్యాలతో చేసిన పానీయాల విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం కొంత భిన్నంగా ఉన్న మాట నిజమే. కాని హనఫీ ఉలమా ఫత్వా ఇచ్చింది ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అభిప్రాయంపైనే. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా హరామే. "నేను ఒక గ్లాసే తాగుతాను, నాకు ఎక్కదు" అనే వాదనకు చోటు లేదు.

పులిసిన ప్రతిదీ హరామ్ కాదు

మరోవైపు అతిగా పోయి హలాల్‌ను హరామ్ చేసుకోకూడదు. దైవప్రవక్త (స) కోసం ఎండుద్రాక్ష, ఖర్జూరాలు నీటిలో నానబెట్టేవారు. దానిని నబీజ్ అంటారు. ఆయన దాన్ని ఆ రోజు, మరునాడు, మూడో రోజు సాయంత్రం వరకు సేవించేవారు. ఆపైన మిగిలితే వాడేవారు కాదు, పారబోయించేవారు. మొదట్లో సొరబుర్రలు, తారు పూసిన పాత్రల్లో నబీజ్ చేయవద్దని కూడా ఆదేశించారు. ఎందుకంటే వాటిలో త్వరగా పులిసి, తెలియకుండానే మత్తుగా మారిపోతుంది. తర్వాత ఏ పాత్రలోనైనా చేసుకోవచ్చు గాని మత్తు పదార్థం తాగవద్దని అనుమతి ఇచ్చారు. మన లొట్టికి కూడా ఇదే సూత్రం.

దీన్నిబట్టి మా దృష్టికి వచ్చే కొన్ని ప్రశ్నలకు జవాబులు చూద్దాం:

నీరా తాగవచ్చా? చెట్టు నుంచి అప్పుడే దిగిన, పులియని తియ్యని నీరా హలాల్. అయితే ఎండ తగిలితే కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. అందుకే లొట్టి లోపల సున్నం పూస్తారు, లేదా చల్లగా నిలువ చేస్తారు. నురగ లేచి, వాసన, ఘాటు వచ్చిందంటే అది ఇక నీరా కాదు.

ఇప్పపువ్వు తినవచ్చా? ఎండబెట్టిన ఇప్పపువ్వుతో చేసిన లడ్డు హలాల్. అదే పువ్వును పులియబెట్టి కాచిన సారా హరామ్. పువ్వులో పాపం లేదు, మత్తులో ఉంది.

చద్దన్నం, ఇడ్లీ పిండి, సిర్కా సంగతేమిటి? ఇవి పులుస్తాయే గాని మత్తెక్కించవు. నిస్సందేహంగా తినవచ్చు.

నల్లబెల్లం, పటిక అమ్మవచ్చా? బెల్లం అమ్మడం హలాల్ వ్యాపారమే. కాని గుడుంబా కోసమేనని తెలిసి బస్తాలు అమ్మినా, ఆటోలో చేరవేసినా అది పాపకార్యంలో సహకారమే (5:2). మద్యం విషయంలో తాగేవాడినే కాక తయారు చేసేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని కూడా దైవప్రవక్త (స) శపించారు.

కడుపులో ఏం జరుగుతుంది?

కల్లులో సుమారు 4, 5 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఇంచుమించు బీరుతో సమానం. అందులో ఈస్టు ఇంకా బ్రతికే ఉంటుంది. దానితోపాటు పులుపు పుట్టించే సూక్ష్మజీవులూ ఉంటాయి. అందువల్ల కడుపు ఉబ్బరం, తేన్పులు. కడగని లొట్టి, ఈగలు, మురికి నీళ్ళు తోడైతే వాంతులు, విరేచనాలు. ఆల్కహాల్ స్వయంగా జీర్ణాశయపు లోపొరను కాలుస్తుంది. రోజూ తాగితే కాలేయం, క్లోమం పాడవుతాయి.

గుడుంబాలో పటిక, నవసాగరం వేస్తారు. నవసాగరం కడుపులో వికారం, వాంతి పుట్టిస్తుంది. సారాలో మిథైల్ ఆల్కహాల్ కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. గంటలు గడిచాక, ఒక్కోసారి మరునాడు, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి. కళ్ళు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

కల్తీకల్లు సంగతి వేరు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. అందుకే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మందులు కలుపుతారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పలువురు చనిపోయారు. "చెట్టు నుంచి దిగింది" అన్న నమ్మకం ఎంత బలహీనమైందో ఇంతకంటే వేరే రుజువు కావాలా?

ఇంటివారు చేయవలసినవి

మొదటిది, దాచవద్దు. మన పాపాన్ని నలుగురిలో చాటుకోవడం తగదన్నది నిజమే. కాని డాక్టరు దగ్గర చెప్పడం చాటుకోవడం కాదు, వైద్యం. ఏమి తాగాడు, ఎప్పుడు తాగాడు, ఎంత తాగాడు అన్నది తెలిస్తేనే సరైన చికిత్స జరుగుతుంది. చూపు మసకబారినా, మూత్రం ఆగినా, స్పృహ తప్పుతున్నా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేయాలి.

రెండవది, ఒక్కసారిగా మానిపించే విషయంలో జాగ్రత్త. తౌబా వెంటనే చేయాలి. కాని ఏళ్ళ తరబడి కల్తీకల్లుకు అలవాటుపడ్డ శరీరానికి వైద్యుని సహాయం అవసరం. తెలంగాణలో 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగినప్పుడు, 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, మత్తు దొరకక వణుకు, మూర్ఛ, వింత ప్రవర్తనతో ఎందరో ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరారు. గదిలో పెట్టి గొళ్ళెం వేయడం చికిత్స కాదు. తౌబా చేసినవాణ్ణి అదే రోజు డాక్టరు వద్దకు తీసుకెళ్ళండి. వ్యసన విముక్తి కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా తీసుకోవచ్చు.

మూడవది, నమాజ్ మాన్పించవద్దు. తాగినవాని నమాజ్ 40 రోజులు స్వీకరించబడదని హదీసులో ఉంది. దీన్ని కొందరు "ఇక చదివి ఏం లాభం?" అని అర్థం చేసుకున్నారు. అది పొరపాటు. పుణ్యం కోల్పోతాడన్నది ఉలమా ఇచ్చిన వివరణ. విధి మాత్రం తప్పదు. పైగా మనస్ఫూర్తిగా తౌబా చేస్తే అల్లాహ్ స్వీకరిస్తాడని ఆ హదీసులోనే ఉంది.

నాలుగవది, శపించవద్దు. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి తాగినందుకు మాటిమాటికీ శిక్ష పొందేవాడు. ఒకరు అతన్ని శపిస్తే ఆయన (స) వారించారు. అతను అల్లాహ్‌నూ, ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడని చెప్పారు. శిక్ష తప్పలేదు, కాని ప్రేమ బంధం తెంచలేదు. వాకిట్లో తూలుతూ నిలబడ్డ కొడుకును చూసి తలుపు వేసుకునే ముందు ప్రతి తండ్రీ ఈ ఉదంతాన్ని గుర్తు చేసుకోవాలి.

సోదర సోదరీమణులారా! మదీనావాసులు ఒక్క ప్రకటనతో కుండలు బోర్లించారు. మన ఇళ్ళలో, మన వీధుల్లో ఆ పని ఇంకా మిగిలే ఉంది. ఈ వారం మీ ఇంట్లోని యువకులను కూర్చోబెట్టుకొని ఈ విషయం కోపంతో కాక ప్రేమతో మాట్లాడండి. అల్లాహ్ మనందరి బుద్ధినీ, ఆరోగ్యాన్నీ, ఈమాన్‌నూ కాపాడుగాక! పడినవారికి లేచే శక్తినీ, ఇంటివారికి చేయి అందించే సహనాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.