ఫాంట్ ఫైళ్లకు వేరే రిపో, దానికో చిన్న తాళం

ప్రశ్న: మా తెలుగు ఫాంట్ సోర్సు గిట్‌హబ్‌లో ఒక రిపోలో ఉంది. బిల్డ్ అయిన ఫైళ్లు ఇంకో రిపోకు వాటంతటవే వెళ్లాలంటే ఏం చేయాలి? (ఒక పాఠకుడు, గుడివాడ)

జవాబు: దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరున్న ‘మండలి’, మీ పక్కనున్న నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ పేరిట వచ్చిన ‘ఎన్టీఆర్’ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటి విషయంలోనూ జనం వాడేది సోర్సును కాదు, తయారైన ఫైలును. అందుకే అవుట్‌పుట్ రిపోలోకి రాసే హక్కు ఎవరికిస్తున్నామన్నదే అసలు విషయం. గిట్‌హబ్ యాక్షన్స్ తానుగా ఇచ్చే టోకెన్‌తో వేరే రిపోలోకి పుష్ చేయలేం. దాంతో చాలామంది తమ ఖాతా క్లాసిక్ టోకెన్ తెచ్చి పెడతారు. దయచేసి ఆ పని చేయకండి, అది లీకైతే మీరు రాయగల రిపోలన్నీ ప్రమాదంలో పడతాయి. డిప్లాయ్ కీ అయితే ఒక్క రిపోకే పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీల జత తయారుచేసి, పబ్లిక్ కీని రాసే అనుమతితో అవుట్‌పుట్ రిపోలో చేర్చండి, ప్రైవేట్ కీని సోర్సు రిపో సీక్రెట్స్‌లో పెట్టండి. ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్‌నూ ఒకే రిపోకు పరిమితం చేయొచ్చు కదా అంటారేమో. చేయొచ్చు, కానీ అది ఒక మనిషి ఖాతాకు ముడిపడి ఉంటుంది, ఆ మనిషి తప్పుకుంటే పుష్ ఆగిపోతుంది. డిప్లాయ్ కీకి గడువు లేకపోవడం మాత్రం నిజంగా లోపమే, ఏటా మార్చుకోండి. ప్రతి పుష్ సందేశంలో సోర్సు కమిట్ నంబరు పడేలా చూడండి. ‘క్ష్మి’ ఒత్తు విరిగిన ఫాంట్ బయటికి వెళ్తే, ఏ మార్పు దగ్గర చెడిందో వెంటనే పట్టుకోవచ్చు.