క్యారవాన్ మట్టం కావాలంటే ముందు మట్టి చూడాలి

క్యారవాన్ ఒరిగి నిలబడితే నిద్ర పట్టదు, సింకులో నీళ్లు ఒక మూల నిలిచిపోతాయి. గ్యాస్‌తో నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ ఉంటే అదీ చల్లబడదు. లోపలి అమ్మోనియా ద్రావణం తన వాలు మీద తను పారితేనే అది పనిచేస్తుంది.

సామాను కొనేముందు నేల చూడండి. వనపర్తి వైపు చాలాచోట్ల ఎర్ర చెలక, రాతి నేల. ఎండాకాలం ప్లాస్టిక్ ర్యాంపులు సరిపోతాయి. గద్వాల దాటి అలంపురం వైపు వెళ్తే నల్లరేగడి. వాన పడితే ఆ ర్యాంపులు బరువుకు నేలలోకి దిగబడతాయి. కింద సెంట్రింగ్ ప్లైవుడ్ ముక్క వెడల్పుగా పరవాల్సిందే. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మరో చిక్కుంది. అది శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉంది. నీళ్లు తగ్గాక బయటపడే ఒండ్రు పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. అంచుకు వెళ్లకుండా మెరక మీదే ఆపండి.

ఇక కొలత. మేస్త్రీలు వాడే రసమట్టం చాలు. మీటరు పొడవు తిన్నని చెక్కను బండి లోపల నేలమీద బండి పొడవు వెంబడి పెట్టి, దాని మీద రసమట్టం ఉంచండి. బుడగ నడిమికి వచ్చేదాకా చెక్క పల్లపు కొసను లేపి, కింద సందు ఎంతో టేపుతో చూడండి. సందు 3 సెంటీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 3.35 మీటర్లు అనుకుందాం. రెండూ గుణిస్తే సుమారు 10 సెంటీమీటర్లు. పల్లం వైపు చక్రాలను లేపాల్సిన ఎత్తు అదే. అడ్డంగానూ ఇలాగే కొలవాలి.

వీలైతే బండి ముక్కు పల్లం వైపు తిప్పండి. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి నేలమీదే ఉండటం మంచిది. టింబర్ డిపోలో తుమ్మ పలకలు కోయించి, పొడవైనది కింద, పొట్టివి పైన మెట్లలా పేర్చండి. టైరు అడుగంతా పలక మీదే ఆనాలి. పక్కన ఒకరు నిలబడి చెబుతుంటే నెమ్మదిగా ఎక్కించండి. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో ఉంచి, నేలమీదున్న చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. ఆ తర్వాతే రసమట్టం మళ్లీ చూడాలి.

మూలల్లో దించే జాకీలు ఊగకుండా ఆపడానికే. వాటితో బండిని లేపకండి, ఎంత అవసరమైనా బండి కిందికి దూరకండి.

డబ్బు పోసి హైడ్రాలిక్ జాకీలు బిగించుకోవడం ఈ ప్రాంతాల్లో తిరిగేవారికి అనవసరం. అవి బండి బరువు పెంచుతాయి, రేగడిలో వాటి పాదాల కిందా చెక్క పెట్టక తప్పదు. డబ్బుంటే ముందు రసమట్టం, తర్వాత మంచి తుమ్మ పలకలు, అడ్డుచెక్కలు కొనండి.