ఇంటికిని షెడ్డుకును నడుమ వైర్‌లెస్ వంతెన

ఇల్లు ఒకచోట, మగ్గముల షెడ్డు మరియొకచోట ఉన్న కుటుంబములకు ఈనాడొక చిక్కు ఏర్పడినది. ఇంటర్నెట్టు ఇంటిలో ఉన్నది, పని షెడ్డులో ఉన్నది. మగ్గముపైనున్న చీరను వీడియోలో చూపుమని వర్తకుడు అడిగినప్పుడు సిగ్నలు అందక ఆలస్యమైనచో, అతడు మరియొకరి మగ్గము చూచుకొనును. షెడ్డుకు రెండవ కనెక్షను తీసికొని నెలనెల డబ్బు కట్టుటకంటె, ఒక్కసారి ఖర్చు పెట్టి రెండు కట్టడములను కలుపుకొనుట చౌక.

రాయచూరు జిల్లాలోని హట్టిని తలచుకొందము. 1947లో బంగారు గనుల కంపెనీ ఏర్పడిన ఆ ఊరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఊరు వేరు, గనుల క్యాంపు వేరు. అట్టి చోట ఇల్లు రోడ్డుకు ఈవల, షెడ్డు ఆవల, నడుమ 200 మీటర్లు ఉన్నదనుకొనుడు. మామూలు నెట్‌వర్కు కేబులు 100 మీటర్లకు మించి పనిచేయదు. రోడ్డుపై తీగ లాగినచో లారీలతో బాధ. నడుమనున్న నేల అంతయు మనదే అయినచో మాత్రము ఫైబరు పూడ్చుటే మేలు. పిడుగు తాకిడి దాని గుండ పోదు. లేనప్పుడు వైర్‌లెస్ వంతెనయే దారి.

ఇది చిన్న డబ్బావంటి రేడియోల జత. ఒకటి ఇంటిపై, ఒకటి షెడ్డుపై ఎదురెదురుగా బిగించవలెను. పెట్టెలో ఒకటే వచ్చునా, జత వచ్చునా అని కొనునప్పుడే అడుగుడు. ఒకదాని ధర చూచి చౌక అనుకొని మోసపోవువారు కలరు.

ఎంతో దూరము పోవునని చెప్పు పెద్ద పరికరము మనకెందుకు? 200 మీటర్లకు అన్నింటికన్న చిన్నదే చాలును. టీపీ-లింక్ సీపీఈ210 వంటిది 2.4 గిగాహెర్ట్జుపై, సీపీఈ510 వంటిది 5 గిగాహెర్ట్జుపై పనిచేయును. ఇంటింటి వైఫై 2.4పై క్రిక్కిరిసియుండును గనుక 5 మేలు. వాటి కేబులు రంధ్రము సెకనుకు 100 మెగాబిట్లకే పరిమితము. వీడియోకు, కెమెరాలకు, జకార్డు డిజైను ఫైళ్లకు అది పుష్కలము. మిగిలిన డబ్బు స్తంభము మీద పెట్టుడు.

స్తంభమని ఎందుకనుచున్నాననగా, పడుగు సాగదీసినప్పుడు ఈ కొస నుండి ఆ కొసకు కన్ను పెట్టి చూచినట్లు, ఒక డబ్బా నుండి రెండవది కనబడవలెను. అంతటితోనే చాలదు. రేడియో దారి పోగువలె సన్ననిది కాదు. నాడెవలె కొసల సన్నగా, నడుమ లావుగా ఉండును. 5.8 గిగాహెర్ట్జు వద్ద 200 మీటర్ల దారికి నడుమ భాగమున చుట్టును ఇంచుమించు ఒకటిన్నర మీటరు చోటు కావలెను. కనీసము ఒక మీటరైన ఖాళీగా ఉండవలెను. వేపచెట్టు ఆకు రాల్చిన రోజులలో బిగించిన వంతెన, ఉగాదికి చిగురు దట్టమైన పిమ్మట మొరాయించును. అప్పుడు అందరును పరికరమును తిట్టుదురు. ఈ దూరమునకు వాన వలన లోటు లేదు. తడిసిన ఆకు వలన, కేబులు కొసలో చేరిన నీటి వలన లోటు. కేబులును డబ్బా క్రిందుగా వంచి వ్రేలాడదీసి పైకి తెచ్చినచో నీరు లోపలికి పోదు. రేకుల కప్పు క్రింద రేడియో పెట్టిన ప్రయోజనము లేదు. అది బయటనే ఉండవలెను.

ఎక్కించుటకు ముందు రెండింటిని ఒకే బల్లపై పెట్టి సరిచేసికొనుడు. ఒకదానిని యాక్సెస్ పాయింటుగాను, రెండవదానిని క్లయింటుగాను ఉంచి, ఐపీ సంఖ్యలు వేరుగా ఇచ్చి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు తప్పక మార్చుడు. ఇంటి రౌటరే చిరునామాలు పంచవలెను గాని ఇవి పంచరాదు. పైన బిగించిన పిమ్మట సిగ్నలు మైనస్ 50 నుండి మైనస్ 65 నడుమ ఉండునట్లు కొంచెము కొంచెముగా త్రిప్పుడు. మైనస్ 75 దాటినచో అడ్డము వెదకవలెను.

కరెంటును సమాచారమును ఒకే కేబులులో పైకి పోవును. 24 వోల్టుల డబ్బాకు 48 వోల్టుల అడాప్టరు తగిలించినచో అది కాలిపోవచ్చును. కావున పెట్టెలో వచ్చిన అడాప్టరే వాడుడు. స్తంభమునకు ఎర్తింగు చేయించుడు, కేబులు దారిలో సర్జి రక్షకము పెట్టుడు. ఉరుములు మొదలగుటకు ముందే అడాప్టరు తీగలను ఊడదీయుట ఇంటివారిలో ఒకరి పనిగా ఏర్పరచుకొనుడు. కరెంటు పోయినప్పుడు రెండు కొసలలో ఏది ఆగినను వంతెన ఆగును; కావున చిన్న యూపీఎస్ కొనదలచినచో రెండు కొనవలెను.